చూడకుండా ఎట్టా చెప్తారు? – కేంద్రకాల ఢీ, కణాల లెక్క



రాకెట్టు లేచే రోజు మనమందరం పళ్లెంలో అన్నం కూడా వదిలేసి గ్రౌండులోకి పరుగెత్తుతాం. శ్రీహరికోట దగ్గర కాబట్టి దొరవారిసత్రంలో చిన్నపిల్లలకి కూడా రాకెట్టు సంగతి తెలుసు. కానీ మన జిల్లాకి సంబంధం ఉన్న ఇంకొక పెద్ద సైన్సు పని ఉంది. దానికి పొగ లేదు, ఉరుము లేదు, టీవీలో చూపించరు. అందుకే దాని గురించి రాద్దామని ఈ కాగితం తీసుకున్నాను.

2022 లో మన మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. అదే జిల్లాలో శ్రీకాళహస్తి దాటి పోతే ఏర్పేడు వస్తుంది. అక్కడ ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ ఉంది. 2015 లో మొదలైంది. అక్కడి పరిశోధకులు 'స్టార్' అనే ప్రయోగంలో సభ్యులు. ఆ స్టార్ యంత్రం ఉన్నది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, బ్రూక్‌హేవెన్ అనే చోట. అక్కడ 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల గుండ్రటి సొరంగం ఉంది. 2000 సంవత్సరం నుంచి పాతికేళ్ల పాటు అందులో బంగారు కేంద్రకాల్ని ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించారు. ఆ ఢీలలోంచి వచ్చిన లెక్కల్ని ఏర్పేడులో కంప్యూటర్ల ముందు కూర్చుని పరిశీలించే వాళ్లు ఉన్నారు. ఇదంతా మా ఫిజిక్స్ సారు చెప్పారు.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయి ఇదే మా తాతకి చెప్పాను. కంటికి కనపడనంత చిన్న బంగారు ముద్దలు రెండు గుద్దుకుంటాయి తాతా, ఆ చోట సూర్యుడి కన్నా వేడి పుడుతుంది అన్నాను. తాత బీడీ ఆర్పి నా వైపు చూశాడు.

"ఎవురన్నా చూసినారా?"

"చూడలేరు తాతా. అంత చిన్నవి."

"చూడకుండా ఎట్టా చెప్తార్రా? బళ్లో ఇట్టాంటివి కూడా చెప్తుండారా?"

నాకు జవాబు దొరకలేదు. పుస్తకంలో ఉంది అన్నాను. "పుస్తకంలో ఉంటే నిజమైపోద్దా" అన్నాడు తాత. మా పిన్ని వాళ్లు నవ్వారు. నాకు చాలా సిగ్గేసింది. తిరిగొచ్చాక సారుని వదలకుండా అడిగి, రెండు నోటుబుక్కు పేజీల నిండా రాసుకున్నాను. ఈ వ్యాసం ఆ జవాబే.

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందని మనం చదివాం. అసలు కేంద్రకం ఉందన్న సంగతి కూడా ఎవరూ చూసి చెప్పలేదు! గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు 1909 లో పలచటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాల్ని వదిలారు. ఏ కోణంలో ఎన్ని పోయాయో చీకటి గదిలో కూర్చుని ఒక్కొక్క మెరుపునీ లెక్కపెట్టారు. ఎక్కువ భాగం తిన్నగా పోయాయి, బహు కొద్ది మాత్రం వెనక్కి తిరిగొచ్చాయి. ఆ లెక్క పట్టుకుని 1911 లో రూథర్‌ఫర్డ్ మధ్యలో గట్టి కేంద్రకం ఉందని చెప్పాడు. మన పాఠంలో బొమ్మ ఒక్కటే చూసి పేజీ తిప్పేస్తాం. బొమ్మ కన్నా ఆ లెక్కే ముఖ్యమని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఎన్ని వచ్చాయి, ఏ పక్కకి వచ్చాయి, ఎంత వేగంతో వచ్చాయి, ఏ రకానివి వచ్చాయి – ఈ పంపకాన్నే కణాల వితరణ అంటారు. బ్రూక్‌హేవెన్‌లో చేసిందీ అదే పని, కాకపోతే చాలా పెద్ద ఎత్తున.

బంగారు కేంద్రకంలో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు, మొత్తం 197 ఉంటాయి. వీటిని కాంతి వేగంలో 99.99 శాతం దాకా పరుగెత్తిస్తారు. అంత వేగంలో పోయే వస్తువు పోయే దిశలో నొక్కుకుపోయినట్టు ఉంటుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుంది. కాబట్టి గోలీలాంటి కేంద్రకం, బయట నిలబడి చూసే వాళ్ల లెక్కకి, సుమారు నూరు రెట్లు పలచబడి అప్పడంలా అవుతుంది. రెండు అప్పడాలు ఎదురెదురుగా వచ్చి తగులుతాయి అనుకోండి.

అప్పుడు ఏమవుతుంది? రెంటిలో కలిపి 394 ఉన్నాయి కదా, 394 బయటికి రావాలి అని మన లెక్క. కానీ నిండుగా గుద్దుకున్నప్పుడు విద్యుదావేశం ఉన్న కణాలే సుమారు 5 వేలు వస్తాయి. రెండు దోసిళ్ల చింతగింజలు ఒకదానితో ఒకటి కొడితే గంపెడు రాలినట్టు. ఇది విని మేమెవరం నమ్మలేదు. సారు 1905 నాటి ఐన్‌స్టీన్ సూత్రం బోర్డు మీద రాశారు. శక్తి పదార్థంగా మారగలదు. ఆ అప్పడాలు పరుగులో తెచ్చుకున్న శక్తే కొత్త కణాలుగా మారుతుంది. పాత గింజలు పగిలి ముక్కలైనాయని అనుకోకూడదు, అంతకుముందు లేని గింజలు అక్కడే పుట్టాయి.

ఆ కణాల్ని పట్టుకునే స్టార్ యంత్రం బరువు 1200 టన్నులు. దాని నడుమ 4 మీటర్ల పైన పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న పీపా ఉంది. వాటర్ ట్యాంకుని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. లోపల గాలి లాంటి వాయువు నింపుతారు. ఆవేశం ఉన్న కణం ఆ వాయువులోంచి పోతే దారి పొడుగునా జాడ వదులుతుంది. చుట్టూ పెద్ద అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఆ దారి వంగుతుంది. నెమ్మది కణం ఎక్కువ వంగుతుంది, జోరుగా పోయేది తక్కువ వంగుతుంది. కాబట్టి వంపుని కొలిస్తే జోరు తెలుస్తుంది. కణం కనపడదు, దాని జాడ మాత్రం దొరుకుతుంది.

ఇక మొదటి లెక్క చూద్దాం: ఎన్ని? మనం గోలీలాట ఆడేటప్పుడు ఎదుటి గోలీకి నిండుగా తగలడం ఎంత కష్టమో తెలుసు కదా. ఎక్కువసార్లు పక్కన రాసుకునే పోతుంది. కేంద్రకాలు కూడా అంతే. అందుకే కోట్ల ఢీలను లెక్కగట్టి చూస్తే కొద్ది కణాలు వచ్చిన ఢీలే ఎక్కువ, వేలకొద్దీ వచ్చినవి తక్కువ. దీన్ని వెనక నుంచి కూడా చదవొచ్చు. కణాలు ఎన్ని వచ్చాయో చూస్తే ఆ ఢీ నిండుగా తగిలిందా, రాసుకుపోయిందా అన్నది తెలిసిపోతుంది. ఢీని ఎవరూ చూడనక్కర్లేదు.

కాంతి కణాలతో చిక్కు ఉంది. వీటిని ఫోటాన్లు అంటారు, వీటికి ఆవేశం ఉండదు, వాయువులో జాడ వదలవు. వీటిని లెక్కపెట్టే పరికరం మన దేశం వాళ్లు తయారుచేసి స్టార్‌లో పెట్టారు. కలకత్తా, భువనేశ్వర్, చండీగఢ్, జైపూర్, జమ్ము లాంటి చోట్ల పనిచేసే శాస్త్రజ్ఞులు కలిసి చేశారు. అప్పటికి ఏర్పేడు ఐసర్ ఇంకా పుట్టలేదు. ఆ పరికరం చూస్తే మన వాళ్లు అడవిలోంచి తెచ్చే తేనెపట్టే! ఆరు మూలల గదులు, దాదాపు 83 వేలు, ఒక్కొక్క గదిలో కొంచెం వాయువు. దాని ముందర సీసపు పలక అడ్డం పెట్టారు. ఫోటాన్ వచ్చి సీసాన్ని తాకితే చిట్లి, చిన్న కణాల జల్లు పుడుతుంది. ఆ జల్లు వెనకున్న చాలా గదుల్ని ఒకేసారి తడుపుతుంది. ప్రోటాన్ లాంటి కణమైతే ఎక్కువసార్లు సీసంలోంచి దూరిపోయి ఒక్క గదినే తాకుతుంది. కాబట్టి గదుల గుంపు వెలిగితే ఫోటాన్, ఒంటి గది వెలిగితే వేరేది. ఇంత తేలిక ఉపాయం ఇంత పెద్ద యంత్రంలో ఉందంటే నాకు భలే సంతోషం వేసింది.

రెండో లెక్క: ఏ పక్కకి? ఈ వ్యాసంలో నాకు బాగా నచ్చింది ఇదే. రెండు అప్పడాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కాకుండా కొంచెం పక్కకి జరిగి తగిలాయనుకోండి. రెండూ కలిసిన చోటు ఏ ఆకారంలో ఉంటుంది? రెండు గుండ్రాలు గీసి చూడండి. మధ్యలో చేప లాంటి ఆకారం వస్తుంది, నిలువు ఎక్కువ, అడ్డం తక్కువ. అక్కడ పుట్టిన పదార్థం అన్ని పక్కలకీ సమానంగా చిమ్ముతుందా?

నేనూ నా స్నేహితుడూ ఆదివారం చేసి చూశాం. పాత న్యూస్‌పేపర్లు పరిచి, మధ్యలో పలచటి బురద పోసి, మొదట గుండ్రటి స్టీలు గిన్నె మూతతో గట్టిగా కొట్టాం. కాగితాన్ని నాలుగు భాగాలుగా గీసి చుక్కలు లెక్కపెట్టాం. 41, 38, 44, 40 వచ్చాయి. అంటే ఇంచుమించు సమానం. తర్వాత పొడుగాటి చెక్కముక్కతో కొట్టాం. పొడుగు అంచుల వైపు 61, 57. కొనల వైపు 22, 25. (గోడకి పడ్డ చుక్కలు ఇందులో లేవు. వాటిని మేమే కడిగాం.) సారుకి చూపిస్తే మెచ్చుకున్నారు గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. "పొడుగు అంచు పొడుగు కాబట్టి కూడా అటు ఎక్కువ పడతాయి, మీ లెక్కలో రెండు కారణాలు కలిసిపోయాయి" అన్నారు. అది నిజమే. కాని ఒక్కటి తెలిసింది. లోపల ఏ ఆకారంతో కొట్టామో చూడని వాడు కూడా కాగితం మీది చుక్కల్ని చూసి చెప్పగలడు.

స్టార్‌లో కూడా అడ్డంగా, అంటే ఇరుకు దిశలో, ఎక్కువ కణాలు వచ్చాయి. కారణం ఇట్లా చెప్పారు. చేప ఆకారం నడుమ ఒత్తిడి ఎక్కువ, అంచున ఏమీ లేదు. ఇరుకు దిశలో నడుమ నుంచి అంచుకి దూరం తక్కువ కాబట్టి ఒత్తిడి నిటారుగా పడిపోతుంది. చెరువు కట్ట నిటారుగా ఉన్న పక్క నీళ్లు జోరుగా దిగినట్టు పదార్థం అటు జోరుగా నెట్టుకుపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. లోపలి కణాలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఎవరి దారిన వాళ్లు పోయే రకమైతే, ఆ చేప ఆకారం సంగతి బయటికి తెలిసేదే కాదు, అన్ని పక్కలా సమానంగా వచ్చేవి. అట్లా రాలేదు కాబట్టి అక్కడ పుట్టింది ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పారే ద్రవం అని తేలింది. అప్పటివరకు చాలామంది అది వాయువులా ఉంటుందనుకున్నారు. 2005 ఏప్రిల్‌లో బ్రూక్‌హేవెన్ వాళ్లు ద్రవం అనే మాటని లోకానికి చెప్పారు. సరిపోల్చి లెక్క వేస్తే నీళ్ల కన్నా కూడా దాని జిగట తక్కువ.

ఆ ద్రవంలో ఉండేవి క్వార్కులు, గ్లూవాన్లు. మామూలుగా ఇవి ప్రోటాన్ న్యూట్రాన్ల లోపల బందీలుగా ఉంటాయి, విడిగా దొరకవు. విశ్వం పుట్టిన కొత్తలో, సెకండులో పది లక్షల వంతులు కొన్ని గడిచేదాకా, అంతటా ఈ ద్రవమే ఉండేదట. బ్రూక్‌హేవెన్‌లో పుట్టిన చుక్క మాత్రం నిలవదు. సెకండుని కోటి ముక్కలు చేసి, ఒక ముక్కని మళ్లీ కోటి చేసి, అందులో ఒకదాన్ని ఇంకోసారి కోటి చేస్తే వచ్చే ముక్క కన్నా తక్కువ సేపట్లో అది చల్లారి మామూలు కణాలుగా మారిపోతుంది. చూసి చెప్పండి అంటే ఎవరి తరం?

ఇంక వేడి. ఇక్కడ వేగాల లెక్క, శక్తుల లెక్క పనికొస్తాయి. ఏ ఢీలోనైనా నెమ్మది కణాలు ఎక్కువ, జోరు కణాలు తక్కువ. జోరు పెరిగే కొద్దీ సంఖ్య ఎంత తొందరగా తగ్గిపోతుంది అన్నదాన్ని బట్టి వేడి తెలుస్తుంది. చల్లటి చోట జోరు కణాలు గబుక్కున అయిపోతాయి. వేడి చోట ఇంకా ఇంకా దొరుకుతూనే ఉంటాయి. కొలిమిలో ఇనుము రంగు చూసి కమ్మరి వేడి చెబుతాడు కదా, ముట్టుకుని చెప్పడు. స్టార్ పక్కనే ఫీనిక్స్ అనే ఇంకొక యంత్రం ఉండేది. అది ఆ ద్రవం నుంచి వచ్చిన ఫోటాన్లలో ఏ శక్తివి ఎన్ని ఉన్నాయో లెక్కగట్టింది. దాన్ని బట్టి 2010 లో చెప్పిన వేడి 4 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడుమ వేడి 1.5 కోట్ల డిగ్రీలు మాత్రమే. అంటే రెండున్నర లక్షల రెట్లు! అదే సంవత్సరం నవంబరులో జెనీవా దగ్గర సెర్న్ అనే చోట ఇంకా పెద్ద సొరంగంలో సీసపు కేంద్రకాల్ని ఢీకొట్టించడం మొదలుపెట్టారు. అక్కడ వేడి ఇంకా ఎక్కువ, కణాలు కూడా ఎక్కువ.

ఏ రకానివి అన్న లెక్కలో ఒక్క సంగతి చెబుతాను. 100 కోట్ల ఢీలను వెతికితే స్టార్ వాళ్లకి వ్యతిరేక హీలియం కేంద్రకాలు 18 దొరికాయి. 2011 లో ప్రకటించారు. వంద కోట్లకి పద్దెనిమిది! వడ్లలో రాయి ఏరడం దీని ముందు ఒక పనా?

ఇంత వేడి, ఇంత బలమైన ఢీ అంటే భయం వేస్తుంది. 2008 సెప్టెంబరులో సెర్న్ యంత్రం మొదలుపెట్టినప్పుడు ప్రపంచం మునిగిపోతుందని పుకారు లేచింది. అప్పుడు మా పేటలో కూడా కొందరు రాత్రి నిద్రపోలేదని అమ్మ చెబుతుంది. అది వట్టి పుకారని తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు ఎప్పటినుంచో భూమి మీదికి వస్తూనే ఉన్నాయి. వాటిలో ప్రోటాన్లే కాక పెద్ద కేంద్రకాలు కూడా ఉన్నాయని 1948 లో అమెరికాలో కనిపెట్టారు. కనిపెట్టిన వాళ్లలో బెర్నార్డ్ పీటర్స్ ఒకరు. ఆయన తర్వాత 1951 లో మన దేశానికే వచ్చి బొంబాయిలో హోమీ భాభా స్థాపించిన టాటా పరిశోధన సంస్థలో పనిచేశారు. ఆ కేంద్రకాలు మన నెత్తి మీద గాలిలోని కేంద్రకాల్ని రాత్రింబగళ్లు ఢీకొంటూనే ఉన్నాయి. కొన్నిటి శక్తి మనుషులు కట్టిన ఏ యంత్రానికీ రాదు. అయినా భూమి అట్లాగే ఉంది కదా.

ఈ పైనుంచి వచ్చే వాటిని పట్టడానికి మన హైదరాబాద్ మంచి చోటు. బెలూన్లకి మందపాటి ఫోటో పలకలు కట్టి ముప్పై కిలోమీటర్ల ఎత్తుకి పంపేవారు. 1969 లో అక్కడ టాటా సంస్థ బెలూన్ కేంద్రమే పెట్టింది. హైదరాబాదే ఎందుకంటే, భూమి అయస్కాంతం తక్కువ శక్తి కణాల్ని పక్కకి తిప్పేస్తుంది, భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ తిప్పేస్తుంది. అందువల్ల హైదరాబాద్ పైకి జల్లెడ పట్టినట్టు మంచి జోరున్నవే దిగుతాయి. పలకలోని వెండి కేంద్రకాన్నో బ్రోమిన్ కేంద్రకాన్నో అలాంటిది ఢీకొంటే, పలక కడిగాక నక్షత్రంలా గీతలు కనపడతాయి. మైక్రోస్కోపు కింద పెట్టి ఎన్ని గీతలు, ఎంత లావు, ఏ కోణం అని ఒక్కొక్కటీ రాసుకునేవారు. అప్పుడు కంప్యూటర్లు చేసే పని కళ్లతో చేశారు. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. మాకు నూరు బురద చుక్కలకే విసుగొచ్చింది.

పోయిన రెండో శనివారం తాత నన్ను చూడటానికి వచ్చాడు. గేటు దగ్గర చెట్టు కింద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బురద కాగితాలు కూడా చూపించాను. తాత రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒక్కసారి గుద్దితే చాలదా? కోట్లసార్లు ఎందుకంట?"

"ఒక్కసారి అయితే ఏదో ఒక పక్క ఊరికే ఎక్కువ పడుండొచ్చు తాతా. చానా సార్లు అట్లాగే పడితేనే నమ్ముతారు."

తాత తల ఊపాడు. "అది సరే. పొలంలో ఒక్క అడుగు చూసి ఎలకదో పందికొక్కుదో ఎవురు చెప్తారు? గట్టంతా నడవాల. కొత్త మన్ను యాడుండాదో, కంకులు యాడ కొరికుండాదో, అడుగులు యా పక్కకి ఎక్కువ పొయ్యుండాయో అన్నీ చూడాల. అప్పుడు గదా యాడ తవ్వాలో చెప్పేది. ఎలకని చూసి తవ్వతామా?"

నేను నవ్వాను. తాత కూడా నవ్వాడు.

"అట్టయితే వాళ్లు కూడా గట్టంతా నడిచినారన్న మాట. పోనీలే. ఆ వేడి సంగతి మాత్రం నాకింకా నమ్మకం లేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చెప్పు."

చుక్కలు లెక్కపెట్టిన కాగితాలు రెండూ ఈ పత్రిక కింద మూలన అంటించాను. ఎవరైనా మళ్లీ లెక్కపెట్టి చూడొచ్చు. 44 దగ్గర నాకే అనుమానంగా ఉంది, రెండు చుక్కలు కలిసిపోయి ఉన్నాయి. మీకు వేరే అంకె వస్తే పక్కనే పెన్సిలుతో రాయండి.